పిజ్జా బట్టీ పగిలింది, తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగాయి

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఆమె భర్త లెక్కల మాస్టారు, రెండేళ్ల కిందట రిటైరయ్యారు. కూతురికి పెళ్లయింది. కొడుకు వయసు 27. హైదరాబాదులో ఒక రెస్టారెంటు వంటగదిలో పనిచేసేవాడు. అది మూతపడటంతో సంక్రాంతికి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లలేదు. పెరట్లో కట్టెలతో మండే పిజ్జా బట్టీ కట్టాలని, దానికి ఆనుకుని పాలిష్ పట్టిన కాంక్రీటు గట్టు పోయించాలని అతని కోరిక. ముందు ఇంట్లోవాళ్లకు చేసిపెట్టి, కుదిరితే శని, ఆదివారాల్లో ఆర్డర్లు తీసుకుందామని ఆలోచన. తండ్రి సంతోషించి లక్షా పదివేలు ఇచ్చారు, తనకు తెలిసిన మేస్త్రిని తానే పిలిచారు. మే నెలాఖరున మనవరాలి పుట్టినరోజుకు సిద్ధం కావాలన్నారు.

మేడ మీద గది వేసినప్పుడు మిగిలిన ఫ్లైయాష్ ఇటుకలతో గుమ్మటం లేచింది. లోపలా బయటా సిమెంటు పూత పూసి, పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన పెట్టారు. గట్టును ఎల్ ఆకారంలో ఒకే పలకగా, బట్టీ గోడకు అతికించి, ఎండ మండే మధ్యాహ్నం పోశారు. బట్టీ పూర్తయిన మూడో రోజే పుట్టినరోజు వచ్చింది. చుట్టాలందరి ముందు నిండా కట్టెలు పేర్చి మంట పెట్టారు. గంట తిరక్కుండానే లోపల పెద్ద చప్పుడైంది, పూత పెచ్చులు ఊడి పిజ్జా మీద పడ్డాయి, గుమ్మటం నిలువునా చీలింది. కొన్నాళ్లకు గట్టు కూడా లోపలి మూల నుంచి అంచు దాకా పగిలింది. నిమ్మకాయ కోసినచోట తెల్లమచ్చలు పడ్డాయి.

‘అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన చెప్పాల్సింది నాతో చెబుతారు, వాడు చెప్పాల్సిందీ నాతోనే చెబుతాడు. కూల్చేసి నాపరాళ్లు పరిపించి బట్టలు ఆరేసుకుందామంటారు ఆయన. నాన్న తొందరపెట్టడం వల్లే పాడైందంటాడు వాడు. నేను ఇళ్లు కట్టేవాణ్ణి, బట్టీ ఎలా కట్టాలో నాకెవరూ చెప్పలేదని మేస్త్రి అంటున్నాడు. ఈశాన్యంలో నిప్పు పెడితే ఇంతేనని మా బావగారు. పొగ వస్తోందని పక్కింటివాళ్లు. మొన్నటి వానలకు చీలిక ఇంకా వెడల్పయింది. నా చిట్టీ డబ్బు అరవై వేలు ఉంది. ఆయనకు చెప్పకుండా అబ్బాయికిచ్చి బాగుచేయించమంటారా, కూల్చేయించి ఇంట్లో ప్రశాంతత తెచ్చుకోమంటారా?’ అని ఆమె ప్రశ్న. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: అలాంటి బట్టీలో జొన్నరొట్టె కాల్చుకోవచ్చా?

సమాధానం

అమ్మా,

చిట్టీ డబ్బు సంగతికి తర్వాత వస్తాను. బట్టీ కట్టిన తీరును మీరు ఎంత వివరంగా రాశారంటే, అది ఎందుకు పగిలిందో ఇక్కడ కూర్చునే చెప్పవచ్చు. మే నెల నుంచి మీ ఇంట్లో నడుస్తున్నదంతా ఎవరివల్ల పగిలిందన్న వాదన. దేనివల్ల పగిలిందని ఎవరూ అడిగినట్టు లేదు. మేస్త్రి ఒక్కరే ఆ దగ్గరికి వచ్చారు. ఆయన మాటను మీరంతా తప్పించుకోవడం కింద జమకట్టారు.

గోడలకు వాడే ఫ్లైయాష్ ఇటుకను పట్టి ఉంచేది సిమెంటు, సున్నాల బంధం. ఆ బంధంలో నీరు కూడా ఒక భాగమే. వేడి 400 డిగ్రీలు దాటేసరికి ఆ నీరు విడిపోతుంది, ఇటుకా పూతా రెండూ బలహీనపడతాయి. చల్లారాక గాలిలో తేమను, వాననీటిని మళ్లీ పీల్చుకుని ఉబ్బి పొడిగా రాలతాయి. వానలకు చీలిక వెడల్పు కావడానికి ఇదొక కారణం. పిజ్జా కాల్చే బట్టీ నేల 370 నుంచి 430 డిగ్రీల దాకా వేడెక్కాలి. గుమ్మటం లోపలి వైపు అంతకంటే ఎక్కువ వేడిలో ఉంటుంది. అక్కడ పెట్టిన ఇటుక ఆ వేడి కోసం చేసినది కాదు. ఎంత పనితనం ఉన్న మేస్త్రి కట్టినా ఆ ఇటుకతో అది నిలిచేది కాదు.

రెండోది, మూడో రోజున పెట్టిన పెద్ద మంట. కొత్త కట్టడం పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం నీరు అలాగే ఉంటుంది. నీరు ఆవిరైతే పరిమాణం దాదాపు 1600 రెట్లు పెరుగుతుంది. విజిల్ మూసుకుపోయిన కుక్కరు ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరు విన్న చప్పుడు అదే. ఆ సమయంలో పిల్లలెవరూ బట్టీ నోటి ముందు లేకపోవడం అదృష్టం.

ఇక ఎవరి వాటా ఎంత అంటారా? తేదీ పెట్టింది మాస్టారు, మేస్త్రిని పిలిచింది మాస్టారు. అబ్బాయికి బట్టీ ముందు నిలబడి వండటం తెలుసు. అది ఎలా కడతారో తెలుసుకుని, కావలసిన సామాను జాబితా రాసి, కొలతలు వేసి మేస్త్రి చేతిలో పెట్టాల్సింది అతను. మిగిలిపోయిన ఇటుకలు గుమ్మటంలోకి ఎక్కుతుంటే చూస్తూ ఎందుకు ఊరుకున్నాడు? నాన్న డబ్బుతో కడుతున్నప్పుడు ఖర్చు పెంచమనడానికి నోరు రాలేదేమో. ఇది నా ఊహ, మీరు అడిగి చూడండి. ఊహ నిజమైతే గొడవ బట్టీది కాదు, ఇరవై ఏడేళ్ల వయసులో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాడు పడే సంకోచానిది. మేస్త్రి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. ఆయన కూలి బాకీ ఏమైనా ఉంటే ఇచ్చేయండి.

గట్టు పగులుకు కారణాలు వేరు. ఒకసారి వెళ్లి దగ్గరగా చూడండి. పగులు సరిగ్గా ఎల్ లోపలి మూలలో మొదలై, ఏటవాలుగా బయటి అంచు వైపు పోతోందా? మీరు రాసినదాన్నిబట్టి అంతే. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎల్ ఆకారంలో రెండు చేతులూ చెరో వైపు లాగితే ఆ లాగుడంతా లోపలి మూల మీద పడుతుంది. అక్కడ అడ్డంగా చువ్వ వేయకపోయినా, రెండు పలకలుగా విడదీయకపోయినా పగులు రావడం ఖాయం. మీ ప్రాంతం ఎండల్లో మధ్యాహ్నం పోసిన కాంక్రీటు పైపొర, లోపలి భాగం గట్టిపడకముందే ఎండిపోతుంది. పైన సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తే అవి ఆ ఎండ పని. పైగా పలకను బట్టీ గోడకు అతికించారు. వేడికి బట్టీ వ్యాకోచించి పలకను తోసింది. నిమ్మరసం మచ్చలు మరకలు కావు, అందుకే ఎంత తుడిచినా పోవు. సిమెంటులో సున్నం ఉంటుంది, పులుపు దాన్ని తినేస్తుంది. నిమ్మకాయ, చింతపండు పులుసు, టమాటా మూడూ అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కూల్చేయడం అన్నిటికంటే తేలిక. ఖర్చు తక్కువ, స్థలం మిగులుతుంది, మాస్టారి మాట నెగ్గుతుంది. కానీ ఆ నాపరాళ్ల మీద బట్టలు ఆరేసినన్నాళ్లూ అబ్బాయికి అది తాను ఓడిపోయిన చోటుగానే ఉంటుంది. ప్రశాంతత వస్తుందని మీరనుకుంటున్నారు. నాకైతే మౌనమే ఇంకొన్నేళ్లు సాగేట్టు అనిపిస్తోంది. అయితే అబ్బాయే ‘నాకిక వద్దు’ అంటే మాత్రం సందేహించకుండా కూల్చండి. అతనికి ఆసక్తి చచ్చిపోయాక తల్లి కోసం బట్టీ కట్టడం ఎవరికీ మంచిది కాదు.

చీలికలో సిమెంటు కూరి పైన ఇంకో పూత పూయడం రెండో దారి. ఎవరో ఒకరు మీకు ఇది చెప్పే ఉంటారు, చౌక కదా. వద్దు. రెండో మంటకే ఊడుతుంది, మళ్లీ పెచ్చులు తిండిలో పడతాయి. మీ అరవై వేలలో ఒక్క రూపాయి కూడా దీనికి ఇవ్వకండి.

మూడోది గ్యాసుతో నడిచే చిన్న ఉక్కు పిజ్జా బట్టీ కొనుక్కోవడం. కట్టడం, పొగ, వాస్తు ఏ గొడవా ఉండదు. వ్యాపారం నడుస్తుందో లేదో చూడటానికి ఇదే తెలివైన మార్గమని నా అభిప్రాయం. అమ్ముడుపోకపోతే యంత్రాన్ని తిరిగి అమ్ముకోవచ్చు. కట్టెల బట్టీ ముందు నిలబడి పనిచేసినవాడికి ఇది చప్పగా అనిపించవచ్చు, ఆ అసంతృప్తి కూడా న్యాయమైనదే. ఇటలీలోని నేపుల్స్ నగరంలో 430 డిగ్రీలు దాటిన కట్టెల బట్టీలో నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా తీస్తారు. ఆ పనివాళ్ల విద్యను 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మీవాడి కళ్ల ముందు ఉన్నది ఆ బట్టీ అయితే గ్యాసు పెట్టె అతనికి ఆనదు.

నాలుగోది బట్టీ కింది దిమ్మె ఉంచి, గుమ్మటం మాత్రం కూల్చి, సరైన సామానుతో తిరిగి కట్టడం. ఇక్కడ ఒక షరతు ఉంది. దిమ్మె కింద ఉన్నది నల్లరేగడా, ఎర్రనేలా? నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. మొరం నింపకుండా దాని మీద కడితే ఎంత ఖరీదైన ఇటుక వాడినా మళ్లీ చీలుతుంది. లెవెల్ పైపు పెట్టి దిమ్మె నాలుగు మూలలూ చూడమనండి. దిమ్మె మీద పగులు ఉంటే దానికి అడ్డంగా రెండు మూడు చోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలచగా రాసి, తేదీ వేసి వదిలేయండి. నెల, రెండు నెలల్లో ఆ పూత చిట్లిందంటే నేల ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు పునాది నుంచి మొదలుపెట్టాలి, లేదా మానుకోవాలి. ఈ పరీక్ష అయ్యేదాకా ఎవరూ డబ్బు తీయవద్దు.

దిమ్మె నిలబడితే మిగిలిన పనికి మీ ఊరికంటే అనువైన ఊరు దొరకడం కష్టం. మిర్యాలగూడ నిండా రైస్ మిల్లులే కదా. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో మండే బాయిలర్ల కొలిమికి లోపలివైపు ఫైర్ బ్రిక్స్, అంటే మంటకు తట్టుకునే ఇటుకలు, కడతారు, అవి అరిగితే మారుస్తారు. ఆ పని చేసే మేస్త్రులు మీ ఊళ్లోనే తిరుగుతుంటారు. వాళ్లకు పిజ్జా గురించి తెలియకపోవచ్చు, నిప్పు గురించి బాగా తెలుసు. అబ్బాయిని ఏదైనా మిల్లుకు వెళ్లి అడగమనండి. ఇటుకలు కూడా వాళ్లు తెప్పించేచోటే దొరుకుతాయి. లేదంటే సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాల్లో విచారించవచ్చు. ఇటుక మీద ఐ.ఎస్. 8 అని ఉంటే ఎక్కువ వేడికి తట్టుకునే రకం. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం ఉన్నది ఒక్కోటి నాలుగు కిలోల దాకా తూగుతుంది. లోపల 36 అంగుళాల వెడల్పున్న బట్టీకి, గుమ్మటం కోసం సగానికి కోసేవి కలుపుకుని, 150 దాకా పడతాయి. పాత బాయిలరు నుంచి తీసిన ఇటుకలు చవకగా ఇస్తామంటారు. తిండి కాల్చే నేలకు అవి వద్దు.

మాలులో ఉత్త సిమెంటు పనికిరాదు. ఇసుక మూడు పాళ్లు, సిమెంటు, సున్నం, ఫైర్ క్లే (మంటకు తట్టుకునే బంకమట్టి) ఒక్కో పాలు చొప్పున కలిపి, ఇటుకల మధ్య వీలైనంత సన్నగా వేయాలి. నేల ఇటుకలకు మాలే అక్కర్లేదు. సన్నటి ఇసుక, ఫైర్ క్లే కలిపిన పరుపు మీద ఒకదానికొకటి ఆనించి పేర్చాలి, ఒకటి పగిలితే తీసి మార్చుకోవచ్చు. నేలకు గ్రానైటు పలక వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మీ జిల్లాలో ఆ సలహా తప్పకుండా వస్తుంది. గ్రానైటులోని క్వార్ట్జ్ స్ఫటికాలు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా రూపం మార్చుకుని ఉబ్బుతాయి. నిప్పులు నేరుగా పడేచోట రాయి పెచ్చులుగా ఎగురుతుంది. గట్టు మీదకు బ్రహ్మాండంగా పనికొచ్చే రాయి బట్టీ లోపల ప్రమాదం.

పొగగొట్టం నడినెత్తి నుంచి తీసేసి, బట్టీ నోటికి పైన, ముందువైపు పెట్టాలి. నెత్తిన ఉంటే వేడంతా నేరుగా పైకి పోతుంది. ద్వారం ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం దగ్గర ఉంటే గాలి కింది నుంచి లోపలికి, పొగ పై నుంచి బయటికి సాఫీగా నడుస్తుంది. గుమ్మటం 18 అంగుళాలైతే ద్వారం పదకొండు పైచిలుకు. గుమ్మటం పైన, వేడి బయటికి పోకుండా ఆపే సెరామిక్ ఫైబర్ దుప్పటి రెండు మూడు పొరలు కప్పాలి. అది పరిచేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఖర్చు తగ్గాలంటే ఒక పొర దుప్పటి వేసి, చుట్టూ చిన్న ఇటుక గోడ కట్టి, మధ్యలో మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద నింపవచ్చు. ఊక బూడిద వేడిని బాగా ఆపుతుంది, ఉక్కు పరిశ్రమలో కరిగిన లోహం మీద కప్పడానికి కూడా వాడతారు. నల్లగా ఉన్నది వద్దు, అందులో బొగ్గు మిగిలి ఉంటుంది. పూర్తిగా కాలి తెల్లబడ్డ బూడిదే తెచ్చుకోవాలి.

కట్టిన తర్వాతి పని ఓపికతో కూడినది. వారం తడిపి, ఇంకో వారం ఊరికే ఆరనిచ్చి, ఆ తర్వాత చిన్న మంటలు మొదలుపెట్టాలి. మొదటిరోజు 100, 120 డిగ్రీలు దాటకుండా కొన్ని గంటలు. మర్నాడు ఇంకో 50 పెంచి, ఆపై రోజు ఇంకో 50. వారం చివరికి 350, 400 దగ్గరికి రావాలి. దూరం నుంచి గురిపెట్టి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. గంట గంటకూ అంకెలు రాసే పనికి లెక్కల మాస్టారిని మించినవారు ఎవరు? ఇద్దరినీ కలపడానికి మీరు పన్నిన ఉపాయంలా మాత్రం ఉండకూడదు, ఇద్దరూ పసిగడతారు. రాసేవాళ్లు కావాలని అబ్బాయే అడగాలి. ఆయన రానంటే పట్టుబట్టకండి.

ఒక మాట ఆయన చెవిన ముందే వేయండి. ఎంత బాగా కట్టినా గుమ్మటానికి వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వేడికి తెరుచుకుంటాయి, చల్లారితే మూసుకుంటాయి, దానివల్ల నష్టం లేదు. ఇది తెలియకపోతే మొదటి గీత కనబడగానే ‘మళ్లీ పగిలింది’ అంటారు, కథ మొదటికొస్తుంది.

గట్టు విషయంలో నా మొగ్గు గ్రానైటు వైపు. మీకు దగ్గర్లో దొరుకుతుంది, చింతపండుకూ నిమ్మకూ చలించదు, పిండి పరవడానికి చల్లగా నున్నగా ఉంటుంది. కానీ కాంక్రీటే కావాలని అబ్బాయి పట్టుదల. దానికీ పద్ధతి ఉంది. పాత ఇళ్లలో, సర్కారు బడుల్లో మొజాయిక్ గచ్చు చూసే ఉంటారు. చిప్స్, సిమెంటు కలిపి పోసి, మిషనుతో రుద్ది మెరిపించిన ఆ గచ్చే ఈ పాలిష్ కాంక్రీటుకు అన్న. మొజాయిక్ పాలిష్ చేసే పనివారు పెద్దవయసు వాళ్లయినా ఇంకా ఉన్నారు. కొత్త పేరు చూసి భయపడి హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించనక్కర్లేదు.

ఈసారి పలకను అక్కడికక్కడ కాకుండా పక్కన అచ్చులో పోయమనండి. నున్నటి లామినేటెడ్ ప్లైవుడ్ పెట్టెలో తలకిందులుగా పోస్తే పై ముఖం అద్దంలా వస్తుంది. ఒక సిమెంటు, ఒక ఇసుక, రెండు పాళ్లు సన్న కంకర. బస్తా సిమెంటుకు నీళ్లు 22 లీటర్లు మించకూడదు. జారుడు కోసం నీళ్లు పెంచకుండా ప్లాస్టిసైజర్ ద్రవం కొంచెం కలపాలి. లోపల వెల్డ్ మెష్, అంటే అతికించిన ఇనుప చువ్వల వల. ఎల్‌ను రెండు పలకలుగా విడగొట్టండి. బట్టీకి, పలకకు మధ్య అర అంగుళం సందు వదిలి వేడికి తట్టుకునే ఫైబర్ తాడు కూరండి. ఆరు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అంగుళాల మందం ఉన్న పలక దాదాపు 135 కిలోలు ఉంటుంది, తిప్పి ఎత్తడానికి నలుగురైదుగురు మనుషులు కావాలి. వారం పాటు తడి గోనెసంచులు, పైన ప్లాస్టిక్ షీటు. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువుంటే పలక మీద తెల్లటి పూత దిగుతుంది, కుళాయిలో వచ్చే మంచినీళ్లు వాడండి. పాలిష్ తడిపెట్టే చేయాలి, పొడిగా చేస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లూ కరెంటూ కలిసేచోట షాక్ తగలబోతే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా మిషను ఆన్ చేయనివ్వకండి.

అంతకుముందు అడుగు పొడవు, అడుగు వెడల్పున్న బిళ్ల ఒకటి పోయించి, పాలిష్ చేయించి, పైన సీలరు అనే రక్షణ పూత పూయించండి. దాని మీద నిమ్మరసం, చింతపండు రసం, పసుపు కలిపిన నూనె తలా ఒక చుక్క వేసి తెల్లారేదాకా ఉంచండి. పొద్దున కడిగి చూస్తే ఏ మచ్చ ఉంటుందో, ఏది పోతుందో తెలుస్తుంది. సీలరు పులుపును కొంతసేపు ఆపుతుంది, పూర్తిగా ఆపదు, ఎప్పటికప్పుడు మళ్లీ పూయాలి. ఆ బిళ్ల చూసి ‘ఈ మచ్చలతో బతకగలను’ అని అబ్బాయి అంటే పోయించండి. లేదంటే అప్పుడు గ్రానైటు. ఏదైనా సరే, దసరా దాటాక మొదలుపెట్టి సంక్రాంతి లోపల పూర్తి చేసుకోండి. వేసవిలో కాంక్రీటు జోలికి పోవద్దు, పండుగకో పుట్టినరోజుకో ముడిపెట్టవద్దు.

ఇక డబ్బు. ఆ అరవై వేలు మీవి. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. కానీ చాటుగా ఇవ్వకండి. చాటుగా ఇచ్చి బట్టీ బాగా వచ్చిందనుకోండి, తనను పక్కన పెట్టి కట్టారని మాస్టారికి కష్టం. చెడిందనుకోండి, బట్టీ పోయిన బాధకు మీ మీద కోపం తోడవుతుంది. పైగా పెరట్లో 150 ఇటుకలు దిగితే ఆయనకు కనపడకుండా ఎక్కడ దాస్తారు? ‘నా డబ్బులో ఇంత ఇస్తున్నాను, దిమ్మె పరీక్ష అయ్యాకే ఇస్తాను’ అని ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పండి. మొత్తం ఒకేసారి కాదు, ముందు ఇటుకలకు, తర్వాత దుప్పటికి, చివర గట్టుకు. ఎక్కడ ఆగినా మిగిలింది మీ దగ్గరే ఉంటుంది. అరవై వేలు మొత్తానికీ చాలకపోవచ్చు. అబ్బాయి ఈ నాలుగు నెలలూ ఏదో ఒక బేకరీలోనో హోటల్లోనో పనిచేసి కొంత పెట్టుకుంటే తండ్రి ముందు తలెత్తుకుని నిలబడతాడు. ఆ మాట మీరే అనండి, తండ్రి నోట వస్తే దెప్పినట్టు ఉంటుంది.

వాళ్లిద్దరి మాటలూ మోయడం ఇవాళ్టి నుంచి మానేయండి. ‘వాడికి చెప్పు’ అంటే ‘పక్కగదిలోనే ఉన్నాడు’ అనండి చాలు. రెండు మూడు రోజులు ఇల్లు ఇబ్బందిగా ఉంటుంది, కూర చల్లారిపోతుంది. భరించండి. ఆ ఇబ్బందిని ఇన్నాళ్లూ మీరొక్కరే మోశారు కాబట్టే వాళ్లకు అది తెలియలేదు.

బావగారి ఈశాన్యం గురించి. పగలడానికి దిక్కు కారణం కాదు, ఇటుక కారణం. అయినా వాస్తు ప్రకారం నిప్పుకు ఆగ్నేయం చెబుతారు, మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే ఎలాగూ గుమ్మటం కూలుస్తున్నారు కదా, పునాదితో సహా మార్చుకోవడానికి ఇదే సమయం. ఖర్చు పెరుగుతుంది. మార్చకపోతే రేపు ఎవరికి జ్వరం వచ్చినా బట్టీనే అంటారు, దాని ఖరీదు కూడా లెక్కలో వేసుకోండి. ఎక్కడ కట్టినా నోరు పడమరకు పెట్టకండి, వానాకాలంలో గాలి, జల్లు ఎక్కువగా అటునుంచే కొడతాయి.

పక్కింటివాళ్ల ఫిర్యాదు మాత్రం నిజమైనది. పచ్చికట్టె, నెత్తిన ఉన్న గొట్టం కలిసి ఆ పొగ పెట్టాయి. బాగా ఎండిన తుమ్మకట్టె వాడి, గొట్టం ఎత్తు పెంచితే మొదటి అరగంట, గంట తప్ప పెద్దగా పొగ ఉండదు. వేడెక్కే కొద్దీ గుమ్మటం లోపలి మసి కాలిపోయి, పై నుంచి కిందికి తెల్లబడుతూ వస్తుంది. పూర్తిగా తెల్లబడ్డాక పొగ దాదాపు ఆగిపోతుంది. అప్పుడే పిజ్జా వేయాలి. పని మొదలుపెట్టే ముందే వాళ్లింటికి వెళ్లి, ఏ రోజు ఏ వేళ మంట పెడితే ఇబ్బంది లేదో అడగండి. వాళ్లింట్లో ఆయాసం ఉన్నవారుంటే గ్యాసు బట్టీ దారే మంచిది, మొహమాటం లేకుండా చెబుతున్నాను. అమ్మకాలు మొదలుపెడితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. దగ్గర నమోదు తప్పనిసరి, ఇంట్లో చేసే చిన్న వ్యాపారమైనా సరే.

జొన్నరొట్టెకు పెనమే మేలు. 400 డిగ్రీల నేల మీద తడి చేత్తో తట్టిన రొట్టె లోపల ఉడికేలోగా అడుగు మాడుతుంది. జొన్నపిండికి సాగే గుణం లేదు కాబట్టి పార మీద నుంచి జార్చేటప్పుడు విరుగుతుంది కూడా. పిజ్జాలు అయిపోయాక నిప్పులు తీసి, తలుపు మూసి ఉంచితే మర్నాడు పొద్దుటికి కూడా లోపల బ్రెడ్డు, బిస్కెట్లు కాల్చేంత వేడి మిగులుతుంది. అప్పుడు మట్టికుండలో నాటుకోడి పెట్టండి, వంకాయలు, పల్లీలు కాల్చుకోండి. జొన్నరొట్టె మాత్రం మీ పొయ్యి మీదే కానివ్వండి.